పరదేశి చెయ్యి

...వణుకు అని నేనెప్పుడూ అనుకోలేదు, అలవాటు అనుకున్నాను. మనిషికో అలవాటుంటుంది కదా, ఒకరు ప్రతి మాట చివరా "కదండీ" అంటారు, ఒకరు మాట మొదలెట్టే ముందు గొంతు సవరించుకుంటారు, పరదేశి గారి చెయ్యి అక్షరం చివర ఒకటో రెండో చుక్కలు ఎక్కువ రాలుస్తుంది, కుంచంతో కొలిచి పోసినవాడు ఆఖర్న గుప్పెడు కొసరు వేసినట్టు. పదకొండేళ్లుగా ఆ చేతిని వింటున్నాను. చూడటం కాదు, వినటం. అనకాపల్లి స్టేషనులో ఈ బల్ల ముందు నేను, తూర్పు పక్క స్టేషనులో ఇలాంటిదే ఒక బల్ల ముందు ఆయన, మధ్యన కొన్ని మైళ్ల తంతి తీగ, దాని మీద పొట్టి చప్పుడు చుక్క, పొడుగు చప్పుడు గీత. ఇక్కణ్ణుంచి బండి కదలాలంటే తూర్పున దారి ఖాళీగా ఉందా అని నేను మీట నొక్కి అడగాలి, ఖాళీయే అని ఆయన మీట నొక్కి చెప్పాలి, చెప్పినందుకు గుర్తుగా ఒక అంకె ఇవ్వాలి, ఆ అంకె వేసిన కాగితం డ్రైవరు చేతిలో పడితేనే బండి కదులుతుంది. రోజుకి పన్నెండు పదిహేనుసార్లు. ఇప్పుడు నా ముందు మరో కాగితం ఉంది, తెల్లగా. ఇన్‌స్పెక్టరు మూడు గంటల పాసింజరులో పడమటి నుంచి వచ్చి ఇక్కడ దిగుతాడు. ఆలోగా దీనిమీద నేను జవాబు రాసి ఉంచాలి: పరదేశి తంతి కొట్టే తీరు వల్ల మీకెప్పుడైనా ఇబ్బంది కలిగిందా? కలగలేదు. ఒక్కసారీ కలగలేదు. అది నిజం. నిజం రాయటానికి చెయ్యి ఎందుకు కదలటం లేదో, అదే నాకు తెలియటం లేదు. గడియారం రెండూ పది.

పోయిన గురువారం, రెండేళ్లలో మొదటిసారి, నేను సెలవులో ఉన్నాను. మా అమ్మ అప్పలనర్సమ్మకి కళ్లు చూపించటానికి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. నా బదులు తాతబ్బాయి కూచున్నాడు, చురుకైనవాడు, ఎక్కడెక్కడి స్టేషన్లలోనో పని చేసి వచ్చాడు, చెవి మంచిది. ఆ మంచి చెవికి పరదేశి గారి అంకె అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ అర్థం కాలేదు. మూడోసారి అడిగేసరికి తూర్పు నుంచి చప్పుడే లేదు. సిపాయిల స్పెషలు బండి నలభై నిమిషాలు ఇక్కడే నిలబడిపోయింది. యుద్ధకాలంలో సిపాయిల బండి నిలబడటమంటే మాటలా, కాగితాలు పైదాకా వెళ్లాయి. మళ్లీ చెప్పమన్న ప్రతిసారీ లైను పుస్తకంలో చివరి గడిలో రాయాలని రూలు. తాతబ్బాయి మూడుసార్లూ రాశాడు. నా పేజీల్లో ఆ గడి పదకొండేళ్లుగా ఖాళీ. ఇన్‌స్పెక్టరు ఆ ఖాళీ గడులూ చూస్తాడు, నా కాగితమూ చూస్తాడు, చూసి ఒక మాట అంటాడు. చెయ్యి బాగాలేదంటే పరదేశి గారిని మీట ముందు నుంచి లేపేస్తారు. ఇంకా ఏడు నెలల సర్వీసు ఉంది. ముప్ఫై ఏళ్లు మీట మీద బతికినవాణ్ణి గేటు దగ్గర జెండా పట్టుకోమంటారు. బాగానే ఉందంటే ఆ చేతి మీద ఇంకా ఏడు నెలలు బండ్లు నడుస్తాయి, నేను లేని రోజున తాతబ్బాయో మరొకడో అంకె సరిగా పట్టుకోలేక, అడగటానికి మొహమాటపడి, ఏదో ఒకటి వేసుకుంటే, ఎదురుగా మరో బండి వస్తూ ఉంటే... తాతబ్బాయి రాసింది అబద్ధం కాదు. నేను రాయబోయేదీ అబద్ధం కాదు. ఒకే చేతిని గురించి రెండు చెవులు ఇంత వేరుగా ఎలా చెపుతాయి?

పట్టాలు మార్చే పాయింట్లమేను పోతురాజు గుమ్మంలో నిలబడి తలగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు. వాడికి పని చెప్పకూడదు. కూజాలో నీళ్లు పట్టుకురా అంటే ఆ కూజా ఎవరి డ్యూటీలోకి వస్తుందో చర్చ మొదలెడతాడు. "నీళ్లయిపోయినట్టున్నాయి" అని గోడతో అన్నట్టు అనాలి, వాడి చెవిన పడేలా. అప్పుడు అది వాడు కనిపెట్టిన పని అవుతుంది, పరుగున తెస్తాడు. ఇది తెలుసుకోటానికి నాకు ఏడాది పట్టింది. ఇవాళ కూడా గోడతోనే అన్నాను. కూజా ఎత్తాడు గాని, మళ్లీ దించాడు.

"గూడ్సు గార్డు సెప్పేడు బావూ. పరదేశి బాబు టీ గళాసు రెండు సేతులా పట్టుకుంటన్నాడట. అదేటి బావూ అంటే, సలిరా అన్నాడట. ఈ ఎండలో సలేటి?"

"ఇంకేటన్నాడు?"

"తాతబ్బాయి నిన్న గాక మొన్నొచ్చేడు, ఆడికేటి తెలుసు, నా సెయ్యి త్రినాధరావుకి తెలుసు, ఆడు రాత్తాడు సూడండి, అనీసి అన్నాడట." పోతురాజు బల్ల మీదికి తొంగి చూశాడు. "మరి రాసీసేరా?"

"రాత్తన్నాను."

"నాకు సదువు రాదు గాని బావూ, తెల్ల కాయితం తెలుత్తాది కదా," అని కూజా తీసుకుని వెళ్లిపోయాడు.

రాత్తన్నాను అన్నాను. పోతురాజుతో నా నోరు అలాగే అంటుంది, నేను అనుకుని అనను. పక్కగదిలో స్టేషను మాస్టరు గారు అడిగి ఉంటే వ్రాస్తున్నానండీ అని ఉండేవాణ్ణి. ఆయన గోదావరి వైపు మనిషి, ఆయనకి ఏ విషయమూ పూర్తిగా చెప్పకూడదు, ఆఖరి ముక్క వదిలెయ్యాలి, దాన్ని ఆయన పట్టుకుని "అయితే గూడ్సు వాగను మూడో లైనులో పెట్టించవయ్యా" అంటారు, "అవునండీ, నాకు తోచలేదు" అనాలి, అప్పుడు ఆ రోజంతా హాయిగా గడుస్తుంది. బెల్లం బుక్ చెయ్యటానికి వచ్చే షావుకారు ముందు మొదట ఊరుకోవాలి, ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకునేదాకా, అది ఆయనకి తలుపు తెరవటం లాంటిది, అంతకు ముందు చెప్పిన మాట ఏదీ లోపలికి పోదు. ఇన్‌స్పెక్టరుకి సంఖ్యలు కావాలి, తేదీలు కావాలి, విశేషణాలు పనికిరావు. ఒక్క నోట్లో ఇన్ని తెలుగులు ఎక్కణ్ణుంచి వచ్చాయో. ఒకప్పుడు ఇది చిన్న దొంగతనం అనిపించేది, ఇప్పుడనిపించదు, తలుపు తలుపుకీ ఒక తాళంచెవి అన్నంత మామూలైపోయింది. కాని ఇవాళ ఒక కొత్త అనుమానం. ఇందాకటి నుంచి మనసులో మూడుసార్లు రాశాను ఆ జవాబు. ఇన్‌స్పెక్టరు చదువుతాడని ఒకలా, పరదేశి గారి చెవిన పడుతుందని ఒకలా, మాస్టరు గారికి ఆఖరి ముక్క వదిలి ఒకలా. మూడూ నా వాక్యాలే. ఎవరూ చదవకపోతే ఏం రాస్తానో ఆ నాలుగోది ఎంత వెతికినా దొరకటం లేదు.

ఇదంతా మా నాన్న దగ్గర అబ్బినట్టుంది. గూడ్సు షెడ్డు వైపు నుంచి గాలి తిరిగింది, బెల్లం వాసన, కొత్త బెల్లం, ఇంకా తడి ఆరనిది. ఎస్. రాయవరం దగ్గర మాకు చెరకుండేది. గానుగకి రెండెడ్లు. లోపలి వైపు ఎద్దుకి మాట కావాలి, మా నాన్న ఎర్రయ్య గానుగ చుట్టూ తిరుగుతూ దానికి ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు, ఎవరి ఇంట్లో ఏం జరిగిందో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో. కబుర్లాగితే అది ఆగేది. బయటి ఎద్దుకి మాట పడదు, మాట వింటే చెవులు వెనక్కి పెట్టి నిలబడిపోయేది, దాని వెన్ను మీద ఒక్క వేలు ఆనిస్తే చాలు. నోరు ఒకదానికి, వేలు ఒకదానికి. నేను బెల్లం పెనం దగ్గర కూచుని అదే చూసేవాణ్ణి, ఒక మనిషి ఒకేసారి ఇద్దరిగా ఎలా ఉంటాడా అని. ఒక ఏడాది నాన్నకి జ్వరం తగిలింది. పక్కపొలం జగ్గన్న వచ్చి ఎడ్లని పట్టాడు, అదిలించాడు, కర్ర కూడా వాడాడు, గానుగ కదల్లేదు. నరికిన చెరకు మూడు రోజులు ఎండలో పడి ఉంది. జగ్గన్న నాన్న చాప పక్కన చతికిలబడి, "ఏటి మావా, నీ ఎడ్లు నీకు తప్ప ఇంకెవుళికీ పనికిరావు" అన్నాడు. జ్వరంలో కూడా మా నాన్న నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. గర్వం అది. నేనూ ఆ గర్వంలో వాటా తీసుకున్నాను. అది పొగడ్త కాదేమో అని ఇన్నాళ్లకి, ఇప్పుడు, రెండూ ఇరవై ఎనిమిదికి తోస్తోంది.

పరదేశి గారి చెయ్యి మొదట్లో ఎలా ఉండేది? గుర్తు తెచ్చుకోవాలి, అది ముఖ్యం. నెమ్మదిగా ఉండేది. గీతలు పొడుగ్గా, చుక్కలు విడివిడిగా, తడి నేల మీద చూసి అడుగు వేసే మనిషిలా. నేను కొత్తగా వచ్చినప్పుడు నా తొందరకి ఆయన విసుక్కోలేదు, తన నడక మార్చుకోలేదు, నేనే ఆ నడకలోకి వచ్చాను. ఆ చేతిని బట్టి నేను మనిషిని కట్టుకున్నాను: సన్నగా, కళ్లజోడు, తగ్గు గొంతు. నాలుగేళ్ల కింద నూకాలమ్మ జాతరకి వచ్చి స్టేషనులో దిగినప్పుడు చూస్తే ఇంత మనిషి, ఇంత గొంతు, ప్లాట్‌ఫారం అంతా వినపడేలా. "నువ్వేనేటి బావా త్రినాధరావువి? ఇలగున్నావేటి? ఇంకా పొడుగ్గా ఉంటావనుకున్నాను." వీపు మీద చరిచాడు. పూటంతా ఆయనే మాట్లాడాడు, నాకు నోరు పెగల్లేదు. "ఏటి బావా, తీగ మీద అంత కబుర్లు సెప్తావు, ఎదరకొచ్చీసరికి నోట్లో ఏటెట్టుకున్నావు?" నేను ఆ గొంతులో నా పరదేశిని వెతుకుతున్నాను, దొరకటం లేదు, ఎవరో ఆయన పేరు పెట్టుకుని వచ్చినట్టుంది. సాయంత్రం బండెక్కి కిటికీ దగ్గర కూచున్నాడు. ఇద్దరికీ మాటలు లేవు, ఆయనక్కూడా అయిపోయాయి. అప్పుడు కిటికీ చువ్వ మీద గోటితో కొట్టాడు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట, రోజూ మధ్యాహ్నం పని ఖాళీగా ఉన్నప్పుడు తీగ మీద అడిగేదే: తిన్నావా? నేను పక్క చువ్వ మీద తిన్నాను బావా అని కొట్టాను. వచ్చాడు, నా మనిషి వచ్చాడు అనుకున్నాను, బండి కదిలింది. ఎవరు అసలు మనిషి, గొంతా చెయ్యా? నాతో ఆయన చెయ్యి, పోతురాజులాంటివాళ్లతో గొంతు. ఆయనకీ తలుపుకో తాళంచెవి ఉందేమో.

ఆ తరవాత యుద్ధం మా దాకా వచ్చింది. రెండేళ్ల కింద విశాఖపట్నం మీద బాంబులు పడ్డ రోజు జనం పట్టాల వెంట నడిచి వచ్చారు, బండ్లు టాపుల మీద కూడా మనుషులతో వచ్చాయి. పద్నాలుగు గంటలు ఆయన లేవలేదు, నేను లేవలేదు, ఒక్క అంకె తప్పలేదు, ఒక్క చుక్క ఎక్కువ రాలేదు. అన్నీ అయ్యాక ఒక్క మాట వచ్చింది తీగ మీద, బావా, అంతే, ఇంకేమీ లేదు. ఆ చేతికి నేను ఋణపడి ఉన్నాను అనుకోవచ్చా? ఈ జిల్లాలో ఎందరు ఋణపడి ఉన్నారో వాళ్లకి తెలియదు కూడా. ఎక్కువ చుక్కలు ఆ తరవాతే మొదలయ్యాయి. ఎప్పుడో సరిగ్గా చెప్పలేను, ఎందుకంటే మొదలైన రోజునే నేను సర్దుకున్నాను. నేను వేగంగా కొడితే ఆయనా వేగంగా జవాబిస్తాడు, అప్పుడు చుక్కలు మరీ రాలతాయి, అందుకని నా వేగం తగ్గించాను. ఇంకా తగ్గించాను. ఆయనకి ఈ సంగతి తెలుసా? తీగ అంతా నెమ్మదించిందని అనుకుంటున్నాడేమో, ప్రపంచమే ముసలిదైందని. ఆయన ఆరు చుక్కలు కొడితే ఐదని వేసుకున్నాను, చివర చిన్న ఎడముంటే గీత అనుకున్నాను, తరవాత తరవాత అనుకోవటం కూడా లేదు, పెన్సిలే వేసుకుపోయేది. మాస్టరు గారు "మీ ఇద్దరికీ జాతకాలు కలిశాయయ్యా" అన్నారు. నేను మా నాన్నలా నవ్వాను.

ఇక్కడ ఏదో ఉంది. దీన్ని మెల్లగా పట్టుకోవాలి, పట్టుకోబోతే జారిపోతోంది. నా పెన్సిలు ఆయన అంకె పూర్తికాక ముందే రాసేస్తోంది. ఎన్నాళ్లుగా? పోయిన నెలలో ఒకరోజు నేను రాసేశాక కూడా సౌండరు, తీగ మాటని టకటకమని వినిపించే పెట్టె, ఇంకా కొడుతూనే ఉంది. రాసినదాన్ని విన్నదానితో పోల్చి చూశానా? చూడలేదు. అంటే ఆ రోజు డ్రైవరు తీసుకువెళ్లిన అంకె ఎవరిది? ఆయన చేతిదా, నా బుర్రలోదా? ఒక మనిషిని బాగా తెలుసుకుని తెలుసుకుని, ఇక ఆ మనిషిని వినక్కర్లేనంత దూరం వెళ్లిపోవటం ఉందా? ఉన్నట్టుంది. వింతేమిటంటే భయం కన్న ముందు కుతూహలం వేసింది, నాలో నాకు తెలియని గది ఒకటి తెరుచుకున్నట్టు.

కిటికీ దగ్గర మళ్లీ ఒక కొండమనిషి, ఇందాక రెండుసార్లు వచ్చిపోయినవాడే. పేరు జోగి అట, మాడుగుల వైపు కొండల మీంచి పసుపు గంపలతో దిగాడు, వెనక భార్య మోదమ్మ గంప మీద మోచెయ్యి ఆనించి కూచుంది.

"బావూ, ఇశాపట్నం బండి మూడుకే కదా?"

"ఎన్నిసార్లు అడుగుతావు? ఇందాకే రెండుపాల్లు సెప్పేను కదా."

వాడు చిన్నబుచ్చుకోలేదు. "సెప్పేరు బావూ. మీరు సెప్పేరు, నాను ఇన్నాను. నాను ఇన్నదీ మీరు సెప్పిందీ ఒకటో కాదో సూసుకుంటన్నాను."

"నన్నూ అలగే సంపుతాడు బావూ," అంది మోదమ్మ. "కూరలో ఉప్పేసేవా అని మూడుపాల్లు అడుగుతాడు."

"మొన్న ఏసేనన్నావు, ఏయనేదు కదే."

"ఒక్కనాడు మరిసిపోతే సచ్చీదాకా అడగాలేటి?"

"అడిగితే నీ సొమ్మేటి పోయింది? నువ్వేటి పరాయిదానివా, అడగడానికి సిగ్గు పడ్డానికి?"

మోదమ్మ నవ్వి మొహం అవతలికి తిప్పుకుంది. మూడుకే, అన్నాను జోగితో, మూడోసారి. వాడు తల ఊపి, ఆ మాటని ఎక్కడో జాగ్రత్తగా పెట్టుకున్నట్టు కాసేపు నిలబడి వెళ్లాడు. పరాయిదానివా. మా నాన్న ఎద్దుని ఎప్పుడూ ఏదీ అడగలేదు. నేను పరదేశి గారిని ఎప్పుడూ ఏదీ మళ్లీ అడగలేదు, తాతబ్బాయి అడిగాడు, పరాయివాడు కనక అడిగాడు, ఆయనకి కోపం వచ్చింది. అడిగినందుకా, లేక రెండేళ్లలో అడిగిన మొదటివాడు అయినందుకా? నా చేతినే ఎవరైనా రెండేళ్లు ఇలా సర్దుకుపోతే నా చెయ్యి ఏమైపోయిందో నాకెలా తెలుస్తుంది? ఆయన టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని చలి అంటున్నాడు. చలి అనుకోనిచ్చింది నేనే.

పడమటి సౌండరు కొట్టుకుంది. పాసింజరు అక్కడ కదిలింది. ఇన్‌స్పెక్టరు అందులో ఉన్నాడు. రెండూ నలభై తొమ్మిది. కాగితం తెల్లగానే ఉంది, పోతురాజు నీళ్లు తెచ్చి కూజా పెట్టి, దాన్ని ఓసారి చూసి పోయాడు. ఇప్పుడు తూర్పుని అడగాలి. మీట మీద వేళ్లు పెట్టాను, వేళ్లు వాటంతటవే నెమ్మదించాయి, ముసలాయనతో రోడ్డు దాటుతున్నప్పటిలా. పాసింజరుకి దారి ఖాళీగా ఉందా? ఆయన ముందు ఒక గీత కొట్టి ఆగాడు, ఎప్పుడూ అంతే, కుర్చీ సర్దుకుంటాడు. ఖాళీ. తరవాత అంకె. మొదటిది ఏడు, శుభ్రంగా వచ్చింది, పాత చెయ్యి, తడి నేల మీద అడుగులా. రెండోది చుక్కలు. నాలుగు, ఐదు, ఆరు, చివర చిన్న ఎడం, ఇంకొకటి, అది చుక్కో గీతో. అప్పటికే నా పెన్సిలు డెబ్బైఐదు అని వేసేసింది. చూస్తున్నాను దాన్ని. చక్కగా ఉంది అంకె. ఐదే కావచ్చు. ఆ చివరిది గీత అయితే నాలుగు, తంతి లెక్కలో ఐదుకి ఐదు చుక్కలు, నాలుగుకి నాలుగు చుక్కలూ ఒక గీతా. పదకొండేళ్ల నా తెలివి అంతా ఐదే అంటోంది. నాను ఇన్నదీ మీరు సెప్పిందీ ఒకటో కాదో.

దూరంగా పడమట ఇంజను కూత. రబ్బరు తీసి ఐదుని చెరిపాను, కాగితం మీద మరక మిగిలింది. మళ్లీ చెప్పు అనే గుర్తు నాకు చేతికి రాదేమో అనిపించింది, ఈ తీగ మీద ఇంతవరకు ఒక్కసారీ కొట్టలేదు: రెండు చుక్కలు, రెండు గీతలు, రెండు చుక్కలు. ఆయన ఏమనుకుంటాడు? త్రినాధరావు కూడానా అనుకుంటాడు. ఆ పెద్ద గొంతు అక్కడ ఒంటరిగా గదిలో ఏదో అంటుంది. తరవాత బహుశా తన చేతి వైపు చూసుకుంటాడు. లైను పుస్తకం దగ్గరికి లాక్కుని చివరి గడిలో, పదకొండేళ్ల ఖాళీ గడిలో, మళ్లీ అడిగినాను అని రాశాను, సిరా ఆరలేదు. ఇన్‌స్పెక్టరు కాగితం మీద రాయవలసింది ఇంక ఇదే. మీట మీద వేలు ఆనించాను. ముందు బావా అని కొట్టాను, ఆయన వేగంతో కాదు, నాది ఎంత ఉంటుందో అంతటితో. ఆ తరవాత రెండు చుక్కలు, రెండు గీతలు, రెండు చుక్కలు కొట్టి, మీట మీంచి చెయ్యి తీసేశాను.